పిల్లనిచ్చినవాళ్ళే పెద్దలు: తోబా సరస్సు ఒడ్డున బతక్ పూర్వీకుల ఊళ్ళు

గురువారం: మేదాన్ నుంచి సరస్సు దాకా

ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రాకు వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది తోబా సరస్సు చూసి, రెండు ఫొటోలు తీసుకుని తిరిగొస్తారు. మేము వెళ్ళింది ఊళ్ళ కోసం. ఆ సరస్సు చుట్టూ ఉండే బతక్ వాళ్ళలో మేనమామ కూతుర్ని చేసుకోవడం మంచి సంబంధమని ఎప్పుడో చదివాను. మాది మేనరికం. మా ఆయన నాకు మేనత్త కొడుకు. సముద్రం అవతల, మనతో ఏ చుట్టరికమూ లేని కొండజాతిలో ఈ ఆచారం ఎలా నడుస్తోందో, ఆ ఇళ్ళలో కూర్చుని చూడాలని చాలాకాలంగా నా కోరిక.

హైదరాబాదు నుంచి కౌలాలంపూర్, అక్కడి నుంచి చిన్న ప్రయాణం, మేదాన్ దగ్గర కువాలనాము విమానాశ్రయం. మన పాస్‌పోర్టుకు దిగాక వీసా ఇస్తారు, 5 లక్షల రుపయా. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే లైనులో నిలబడే పని తప్పుతుంది. మాట్లాడుకున్న కారు బయటే ఉంది. డ్రైవరు బతక్ మనిషే. మా పేర్లు చెబితే తలూపి, "మర్గా ఏమిటి?" అన్నాడు. మర్గా అంటే వాళ్ళ వంశం పేరు, మన ఇంటిపేరూ గోత్రమూ కలిసినట్టు. ఒకే మర్గా వాళ్ళు ఎంత దూరపువాళ్ళైనా అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క, పెళ్ళి మాటే లేదు.

తెబింగ్ తింగ్గి మీదుగా పెమతాంగ్ సియాంతార్ దాకా రోడ్డుకు రెండు వైపులా పామాయిల్, రబ్బరు తోటలే. 1863లో డచ్చివాళ్ళు పొగాకుతో మొదలుపెట్టిన తోటల సీమ ఇది. చూసిందే చూస్తూ కళ్ళు అలిసిపోతాయి. సియాంతార్ దాటి ఘాట్ ఎక్కాక చల్లబడింది. పరాపత్ ముందర మలుపులో సరస్సు ఒక్కసారిగా కనిపించింది. పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30, లోతు 500 మీటర్ల పైమాటే. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఇంత నీరు ఉండటానికి కారణం ఒక అగ్నిపర్వతం. సుమారు 74 వేల ఏళ్ళ కిందట అది బద్దలై, ఖాళీ అయిన పొట్టలోకి నేల కుంగిపోయి, ఆ గుంటలో నీరు నిండింది. తరవాత అడుగు నుంచి మళ్ళీ పైకి లేచిన నేలే మధ్యలో ఉన్న సమోసిర్. ఆ కొండల మీద ఒకప్పటి సరస్సు అడుగు మట్టి ఇప్పటికీ పొరలుగా కనిపిస్తుంది.

ఆ బూడిద మా వైపు దాకా వచ్చింది. నా పుట్టిల్లు బనగానపల్లె పక్కన. అక్కడికి దగ్గరలోనే జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. భూమిలో మనిషి ఎత్తు దాటిన తెల్లటి బూడిద పొర ఉంటే, అది తోబాదేనని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద విపత్తు తరవాత కూడా అక్కడ మనుషులు మిగిలారన్న వాదనకు ఆ పనిముట్లే ఆధారమని 2007లో పరిశోధకులు ప్రకటించారు. చిన్నప్పుడు ఆ తెల్లమట్టి మీదే మేము ఆడుకున్నాం. అది ఎక్కడి నుంచి ఎగిరి వచ్చిందో ఆ చోటు ఎదురుగా నిలబడి చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

పరాపత్‌లోని తిగరాజా రేవు నుంచి సమోసిర్ ఒడ్డున ఉన్న తుక్‌తుక్ అనే ఊరికి పడవ. ఎవరి బస ముందు వాళ్ళను దింపుతూ పోతాడు. ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసుకోండి, సిగ్గుపడకుండా అడిగి వేసుకోండి. 2018 జూన్ 18న ఇదే సరస్సులో సిమనిందో నుంచి తిగరాస్ వెళ్తున్న పడవ పరిమితికి మించిన జనంతో మునిగి, 160 మందికి పైగా ఆచూకీ లేకుండా పోయారు. నీళ్ళు ఎంత ప్రశాంతంగా కనిపించినా, మధ్యాహ్నం దాటాక కొండల మీది నుంచి గాలి దిగుతుంది.

శుక్రవారం: తోమోక్, అంబరిత

తోమోక్‌లో సిదబుతార్ వంశపు రాజుల సమాధులున్నాయి. లోపలికి వెళ్ళేవాళ్ళు భుజం మీద ఉలోస్ వేసుకోవాలి. ఉలోస్ వాళ్ళ నేత బట్ట, గడప దగ్గరే ఇస్తారు. ఒకే రాయిని తొలిచి చేసిన పెట్టెలు, పడవ కొసల్లా లేచిన రాతి మూతలు, ముందు భాగాన పెద్ద ముఖం. పక్కనే వాళ్ళు పవిత్రంగా చూసుకునే హరియారా చెట్టు, మన రావి, మర్రి జాతిదే. ఊరు కట్టేటప్పుడు ముందు ఈ చెట్టు నాటేవారట. ఊడలు దించుకుని నిలబడ్డ ఆ చెట్టు కింద మా ఆయన అప్రయత్నంగా చెప్పులు విప్పాడు.

అసలు ఊరంటే ఎలా ఉంటుందో తెలిసింది అంబరితలోని హుతా సియల్లగాన్‌లో. హుతా అంటే ఒక వంశం కట్టుకున్న పల్లె. చుట్టూ పేర్చిన రాతిగోడ, గోడ మీదుగా వెదురు పొదలు, లోపలికి ఇరుకు దారి. ఒక వరుసలో ఇళ్ళు, మధ్యలో బారెడు వాకిలి. చాలా ఊళ్ళలో ఇళ్ళకు ఎదురు వరుసలో ధాన్యపు గాదెలుంటాయి. పెళ్ళీ, చావూ, నూర్పిడీ, తగువూ అన్నీ ఆ వాకిట్లోనే.

ఒక ఇంటిముందు నేను చాలాసేపు నిలబడ్డాను. గుంజల మీద లేచిన చెక్క ఇల్లు. కింద పశువులకు, మధ్యలో మనుషులకు, అటక మీద పూర్వీకుల వస్తువులకు చోటు. కప్పు నడుమ వంగి, రెండు కొసలూ పైకి లేచి, ముందు చూరు వాకిలి మీదికి వాలి ఉంటుంది. మేకు కొట్టకుండా చెక్కకు చెక్క దూర్చి, పేము తాళ్ళతో బిగించి కడతారు. ముఖభాగమంతా గొర్గా అనే చెక్కడం పని, ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. తలుపుకు అటూ ఇటూ పలకల మీద బల్లి బొమ్మ, దానికి ఎదురుగా నాలుగు స్తనాలు చెక్కి ఉన్నాయి. బల్లి భూదేవత రూపం. ఎక్కడికి పోయినా గోడకు అతుక్కుని బతికే జీవి కాబట్టి, బతక్ మనిషి ఎక్కడైనా బతకగలడనీ, కాని ముఖం ఎప్పుడూ తల్లి వైపే ఉండాలనీ అర్థం చెప్పారు. దూలాల కొసల్లో సింగా తలలు. పేరు మన సింహమే అయినా, గుడ్లురిమి చూసే ఆ ముఖం సింహంది కాదు, ఏ జంతువుదీ కాదు. గుమ్మం మరీ పొట్టి, నడుం వంచితే తప్ప లోపలికి వెళ్ళలేం. ఎంత పెద్దవాడైనా ఇంటికి దణ్ణం పెట్టినట్టే అడుగుపెట్టాలి.

లోపల గోడలు లేవు. ఒకటే పెద్ద గది, మధ్యలో పొయ్యి. గోడ లేకపోయినా ఎవరి చోటు వాళ్ళకుంది. కుడి చేతి వైపు వెనక మూల ఇంటి పెద్దది. మిగతా మూలలు పెళ్ళైన పెద్ద కొడుకుకు, ఇంకా వేరే ఇల్లు కట్టుకోని కూతురు అల్లుళ్ళకు, వచ్చిన చుట్టాలకు. నలుగురు వంటవాళ్ళు, నలుగురు పిల్లల తల్లులు గోడ లేని ఇంట్లో తరాల తరబడి సర్దుకున్నారంటే, ఆ ఇంటిని నిలబెట్టింది గుంజలు కాదు, ఎవరు ఎవరికి ఏమవుతారన్న లెక్క.

అంబరితకు పేరు తెచ్చింది మాత్రం రాతి కుర్చీలు. చెట్టు కింద బల్ల చుట్టూ కుర్చీలు, ఊరి పెద్దలు తీర్పు చెప్పిన చోటు. మరోచోట ఇంకో వరుస, శిక్ష అమలు చేసిన చోటు. గైడు తల నరకడం గురించి, నరమాంసం గురించి నటించి మరీ చెప్పాడు. వచ్చినవాళ్ళు అదే అడుగుతారు మరి. నాకు ఆ ప్రదర్శన మనసుకు పట్టలేదు. యుద్ధ ఖైదీలనూ కొన్ని నేరాలు చేసినవాళ్ళనూ అలా శిక్షించినట్టు పాత రాతల్లో ఉన్నమాట నిజమే. కాని ఒక జాతి మొత్తాన్నీ ఆ ఒక్క బల్లకు కట్టేయడం అన్యాయం. తగువు వస్తే పెద్దలు కూర్చోవడానికి ముందుగా రాతి కుర్చీలు చెక్కించి పెట్టుకున్న ఊరది. నేను ఆ సంగతే గుర్తుపెట్టుకుంటాను.

శనివారం: సిమనిందో, నేతగత్తెల ఊరు

పొద్దున సిమనిందోలో హుతా బోలోన్ మ్యూజియం. సిదౌరుక్ రాజుల పాత ఇల్లు. వాకిట్లో గొండాంగ్ మేళం మోగుతుంటే తొర్‌తొర్ ఆడతారు. అరచేతులు జోడించి, మోకాళ్ళ దగ్గర చిన్నగా ఊగే నెమ్మదైన నాట్యం. డప్పులు వరుసగా కట్టి, ఒక్కొక్క దానికి ఒక్కో స్వరం కూర్చి, వాటి మీదే పాట పలికిస్తారు. తొలినాళ్ళ క్రైస్తవ మిషనరీలు ఈ మేళాన్ని పూర్వీకుల పూజగా భావించి నిషేధించారు. ఇప్పుడు చర్చికి వెళ్ళేవాళ్ళే వాయిస్తున్నారు. చివర్లో సిగాలే-గాలే అనే చెక్కబొమ్మను ఆడించారు. కొడుకులు లేకుండా పోయినవాడి చావుకు ఆడించే బొమ్మ అది. వంశం ఆగిపోవడమంటే వాళ్ళకు ఎంత భయమో ఆ బొమ్మ ముఖంలోనే ఉంది.

లోపల ఒక వెదురు గొట్టం చూపించారు. పొర్‌హలాన్, బతక్ పంచాంగం. గొట్టం చుట్టూ గళ్ళు గీసి, ఒక్కో గడి ఒక్కో తిథికి. మంచి రోజు చూడాలంటే దాతు, అంటే వాళ్ళ సిద్ధాంతి, దీన్ని తిప్పుతూ లెక్క కడతాడు. నెలలో మొదటి ఏడు రోజుల పేర్లు డ్రైవరు చదివాడు: అర్తియా, సుమా, అంగ్గారా, ముదా, బొరస్పతి, సింకోరా, సమిసారా. ఆదిత్యుడి నుంచి శనైశ్చరుడి దాకా మన వారాలే! మా ఆయన నోరు తెరిచి ఉండిపోయాడు. ఇవి ఎలా వచ్చాయంటే, పడమటి తీరంలో బారుస్ అనే రేవు ఉండేది. దక్షిణ భారత వర్తకులు కర్పూరం కోసం అక్కడికి వచ్చేవారు. అక్కడ దొరికిన తమిళ శాసనం క్రీ.శ. 1088 నాటిది, అయ్యావళి ఐదువందలవారనే వర్తక శ్రేణి వేయించింది. మన తెలుగు నేల మీది శాసనాల్లోనూ కనిపించే శ్రేణే అది. సరుకు వెంట లిపీ, పంచాంగమూ, దేవుళ్ళ పేర్లూ కొండెక్కాయి. బతక్ పైలోకపు దేవుళ్ళలో ఒకరి పేరు బతారా గురు.

మధ్యాహ్నానికి పంగురురాన్ దగ్గర లుంబాన్ సుహి-సుహిలోని హుతా రాజాకు చేరాం. ఉలోస్ నేసే పల్లె. పాత ఇళ్ళ ముందు వాకిట్లో చాప పరుచుకుని, కాళ్ళు చాపి కూర్చుని ఆడవాళ్ళు నేస్తున్నారు. మగ్గానికి గుంట లేదు, చట్రం లేదు. పడుగు ఒక కొసను ముందున్న గుంజకు కట్టి, రెండో కొసను నడుముకు బిగించిన పట్టీకి తగిలించారు. బిగువు కావాలంటే మనిషి వెనక్కి వాలాలి, వదలాలంటే ముందుకు వంగాలి. నేసే మనిషే మగ్గంలో సగం. దారాన్ని ముందే అక్కడక్కడా కట్టి రంగులో ముంచి చుక్కలు తెప్పించే పద్ధతి కూడా ఉంది, పోచంపల్లిలో చిటికి కట్టినట్టే. రంగులు మాత్రం ముదురువి: నీలిమందు నలుపు, ఎండిన రక్తం లాంటి ఎరుపు.

నేను ఒక ఉలోస్ ఎంచుకుని నాకోసమని అడిగితే, నేస్తున్నావిడ చెయ్యి ఆపింది. "కొనుక్కో, ఫరవాలేదు. కాని మాలో ఎవరూ తనకు తాను కప్పుకోరు ఎడా, ఇచ్చేవాళ్ళుండాలి" అంది. ఆడవాళ్ళు ఆడవాళ్ళను ఎడా అని పిలుస్తారు, మన వదిన లాగా. ఇచ్చేవాళ్ళంటే పుట్టింటి వైపు వాళ్ళు. పెళ్ళిలో పిల్ల తండ్రి కొత్త దంపతులిద్దరినీ కలిపి ఉలోస్ కప్పుతాడు. బిడ్డ పుడితే ఎత్తుకునే ఉలోస్ అమ్మమ్మగారింటి నుంచి వస్తుంది. మనిషి పోతే ఒంటి మీద కప్పేది మేనమామ వాళ్ళు. ఎప్పుడూ పిల్లనిచ్చినవాళ్ళ నుంచి పిల్లను చేసుకున్నవాళ్ళకే, ఎదురు ఇవ్వకూడదు. మనలో పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చేది మేనమామే కదా అని చెబితే, పక్కనున్న ఇద్దరు మగ్గాలు వదిలి వచ్చి కూర్చున్నారు. ఆ కబుర్లలో ఎండ ఎప్పుడు వాలిందో తెలియలేదు.

చీకటి పడే వేళకు సమోసిర్ దాటి, పుసుక్ బుహిత్ కొండ కింద సియంజుర్ ములాములా చేరాం. సమోసిర్ నిజానికి సన్నటి నేల మెడతో ఒడ్డుకు అతుక్కుని ఉండేది. డచ్చివాళ్ళు అక్కడ కాలువ తవ్వించాక దీవి అయింది. ఇప్పుడా కాలువ మీద పెద్ద వంతెన.

ఆదివారం: మొదటి ఊరు

బతక్ వాళ్ళందరి మూలపురుషుడు సి రాజా బతక్ కాపురమున్నది ఈ లోయలోనే అంటారు. చుట్టూ కొండలు, మధ్యలో మెట్లు మెట్లుగా వరి. పైలోకం నుంచి సి బొరు దెయాక్ పరుజార్ అనే దేవకన్య నూలు పట్టుకుని కిందికి దిగి, పిడికెడు మట్టిని నీళ్ళ మీద పరిచి భూమి చేసిందనీ, ఆ భూమి కింద నాగా పదోహా కదిలినప్పుడల్లా భూకంపం వస్తుందనీ కథ. అగ్నిపర్వతపు కుంగుడు అంచున కాపురముండి, కాళ్ళ కింద నేల ఎప్పుడూ నిలకడగా ఉండదని తెలిసిన జాతి మాత్రమే అల్లగల కథ ఇది.

పొద్దున ఊరంతా చర్చికి వెళ్ళిపోయింది. తోబా బతక్ వాళ్ళలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, వాళ్ళ పెద్ద చర్చి సంఘం హెచ్‌కేబీపీ 1861లో మొదలైంది. మేమూ వెనక బల్లలో కూర్చున్నాం. పాట ఎత్తుకోగానే నేర్పినవాళ్ళెవరూ లేకుండా నాలుగు గొంతుకలు నాలుగు దారుల్లో వెళ్ళి మళ్ళీ కలిశాయి. అర్థం తెలియకపోయినా కళ్ళు చెమర్చాయి.

సిగులత్తిలో మూలపురుషుడి ఇల్లని తిరిగి కట్టిన ఇల్లుంది. ఇల్లు కొత్తదే, చూడటానికి పెద్దగా ఏమీ లేదు. అయినా జకార్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం గుమ్మం ముందు నిలబడి పిల్లలకు తమ తరాలు వల్లె వేయిస్తోంది. సి రాజా బతక్‌కు ఇద్దరు కొడుకులు, గురు తతెయా బులాన్, రాజా ఇసుంబావోన్. వాళ్ళ నుంచి శాఖలు, శాఖల నుంచి మర్గాలు. పదేళ్ళ పిల్లాడు తడుముకోకుండా తాత ముత్తాతల పేర్లు కిందికి చెప్పుకుంటూ వచ్చి తన పేరు దగ్గర ఆగాడు. నాకు మా తాత తండ్రి పేరు దాకే తెలుసు.

మధ్యాహ్నం మేము దిగిన ఇంట్లో భోజనం. ఆ ఇంటి మర్గా సగాలా. పాత చెక్క ఇల్లే, కప్పుకు ఈత పీచు లాంటి నల్ల పీచు పోయి రేకులు వచ్చాయి. పీచు కప్పు నేయించడానికి పనివాళ్ళూ లేరు, డబ్బూ లేదన్నారు. చాప మీద వరసగా కూర్చున్నాం. నడుమ పళ్ళెంలో అర్సిక్, పసుపు పులుసులో తల నుంచి తోక దాకా చెక్కు చెదరకుండా ఉడికించిన గోదావరి గండు లాంటి చేప. అందులో అందలిమాన్ గింజలు వేస్తారు, మిరియమంత ఉంటాయి. నమిలితే ముందు నిమ్మవాసన, తరవాత నాలుక చిమచిమలాడి మొద్దుబారిపోతుంది. ఈ చేపకూ లెక్క ఉంది. పెళ్ళికూతురి పుట్టింటివాళ్ళే కొత్త జంటకు తినిపించాలి, చేపలు బేసి సంఖ్యలో ఉండాలి.

ఇంటి ముసలావిడ నా పక్కన చేరింది. డ్రైవరు మాట మార్చి చెబుతున్నాడు.

"నీ మొగుడు నీకు ముందే చుట్టమా?" అంది.

"మా మేనత్త కొడుకమ్మా."

డ్రైవరు ఆ ముక్క చెప్పేలోపే ఆవిడకు అర్థమైపోయింది. "పరిబాన్!" అని నా తొడ మీద చరిచి, వంటింట్లో ఉన్న కోడళ్ళను కేకేసింది. మగవాడికి మేనమామ కూతురు పరిబాన్, అన్నిటికన్నా ముందు అడగాల్సిన సంబంధం. "అయితే మీ అత్త నిన్ను కోడలా అనదు, మా అన్న కూతురా అంటుంది కదా" అంది. నిజమే, మా అత్త నన్ను ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. "మరి మీ అన్న, మీ అత్త కూతుర్ని చేసుకున్నాడా?" అనడిగింది. మాలో అదీ చేసుకుంటారని చెప్పగానే ముఖం మారిపోయింది. అలా చేస్తే దారి వెనక్కి తిరిగినట్టే, వాళ్ళలో కూడదు.

ఎందుకు కూడదో ఇంటి పెద్దాయన పొయ్యి చూపించి చెప్పాడు. దలిహాన్ నా తొలు, మూడు రాళ్ళ పొయ్యి. ఒక రాయి హులా-హులా, మనకు పిల్లనిచ్చినవాళ్ళు. రెండోది దోంగాన్ తుబు, మన వంశపు అన్నదమ్ములు. మూడోది బొరు, మన పిల్లను చేసుకున్నవాళ్ళు. పిల్లనిచ్చినవారికి దణ్ణం పెట్టాలి, అన్నదమ్ములతో ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, ఆడబిడ్డ తరఫువాళ్ళను బుజ్జగించాలి. ఇదీ సూత్రం. ఏ శుభకార్యంలోనైనా పిల్లనిచ్చినవాళ్ళు గౌరవ స్థానంలో కూర్చుంటారు, అల్లుడి వైపువాళ్ళు వంటశాలలో గరిటె పట్టుకుని చెమటోడ్చాలి. పెళ్ళికి డబ్బిచ్చేదీ మగపెళ్ళివారే, దాని పేరు సినమోత్. ప్రతి ఇల్లూ ఒకరికి పిల్లనిచ్చినదే, ఇంకొకరి నుంచి తెచ్చుకున్నదే. ఈ వారం పీట మీద కూర్చున్న పెద్దమనిషి పైవారం తన మామగారి వాకిట్లో విస్తళ్ళు ఎత్తాలి. అందుకే ఇచ్చిపుచ్చుకోవడం తిరగబడకూడదు. తిరగబడితే ఎవరు కూర్చోవాలో, ఎవరు వడ్డించాలో తెలియకుండా పోతుంది.

నేను తింటున్న చెయ్యి ఆపేశాను. మేనరికం మనకూ వాళ్ళకూ ఒకటే. కాని మన పెళ్ళిళ్ళలో పిల్లనిచ్చినవాళ్ళ స్థానమేమిటి? కట్నం పెట్టి, కాళ్ళు కడిగి, విడిదింట్లో కాఫీ ఆలస్యమైతే మాటలు పడి, చేతులు కట్టుకుని నిలబడేది మా నాన్నే. సొంత చెల్లెలి కొడుక్కి ఇచ్చినా ఆ పూట మా నాన్న ఆడపెళ్ళివారే. మా ఆయన ఇది విని తలొంచుకుని, "మామయ్య ఇక్కడుంటే బాగుండేది" అన్నాడు. ఇంత దూరం వచ్చినందుకు నాకు ఆ ఒక్క మాట చాలు.

దగ్గరి రక్తంలో పెళ్ళిళ్ళ వల్ల పిల్లలకు వచ్చే జబ్బులు తెలిశాక, మా పిల్లలకు మేనరికం నేను చెయ్యను. ఇక్కడా ఇప్పుడు పరిబాన్ సంబంధాలు తగ్గిపోయాయట. చేసుకోకపోయినా, "మీ పిల్లను అడగనందుకు క్షమించు" అన్నట్టు మేనమామ దగ్గరికి వెళ్ళి మర్యాద చేసి వస్తారు. సంబంధం పోయినా మామ గౌరవం పోలేదు.

అంతమాత్రాన ఇది ఆడవాళ్ళ స్వర్గమని నేను రాయను. వంశం మగవాడిదే, పొలం మగవాడిదే. కొడుకు పుట్టకపోతే ఆ తల్లి పడే మాటలు ఇక్కడా ఉన్నాయి. కూతురికి ఆస్తిలో వాటా ఉందని ఇండోనేషియా సుప్రీంకోర్టు 1961లోనే, బతక్ వాళ్ళలోనే ఒక శాఖ అయిన కరో కుటుంబాల తగువులో తీర్పు చెప్పింది. మన దగ్గర ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు చట్టం వచ్చింది 1986లో. చట్టం వచ్చాక నోరు తెరిచి అడిగిన ఆడపిల్లలు మా వైపు ఎంతమంది? వంటింట్లో ఆ ఇంటి కోడలు కూడా అదే చెప్పింది: "అడగొచ్చు ఎడా. అడిగితే పుట్టింటికి రాకపోకలుండవు."

సోమవారం: ఏడు ధారలు, సాంబ్రాణి కొండలు

లింబోంగ్ మర్గా వాళ్ళ ఊరి దగ్గర ఏక్ సిపితు దాయి అనే ఊట ఉంది. ఒకే ఊట నీరు ఏడు ధారలుగా పడుతుంది, ఒక్కో ధారకు ఒక్కో రుచి అంటారు. ఆడవాళ్ళకు ఒక వైపు, మగవాళ్ళకు ఒక వైపు చాటు. మా లాంటి వాళ్ళు చూసేది నీళ్ళు, ఊరివాళ్ళు చూసేది ఏ ధార ఎవరిదనేది. పసిపిల్లలకు ఒకటి, కాన్పులు ఆగిన పెద్దావిడలకు ఒకటి, మంత్రసానులకు ఒకటి, ఊరి ఆడపిల్లను చేసుకున్న అల్లుళ్ళకు ఒకటి. స్నానాల రేవులో కూడా అల్లుడికి చోటు కేటాయించిన ఊరు నేనింకెక్కడా చూడలేదు. నేను తాగి చూశాను. నాకు రెండు ధారల మధ్య తేడా తెలిసింది, ఒకటి కొంచెం పుల్లన. అక్కడే ఒకావిడ బట్టలు ఉతుకుతూ, వారం రోజుల బిడ్డకు నీళ్ళు పట్టి తీసుకెళ్తోంది.

తేలే అనే ఊరి వైపు ఎక్కుతుంటే దారి పొడవునా సిమెంటు సమాధులు. కొన్ని రెండంతస్తులవి, పైన చిన్న బతక్ ఇల్లు, రంగులు, శిలువ. పూర్వీకుల ఎముకలు తవ్వి తీసి, కడిగి, కొత్త సమాధిలో ఒకచోట చేర్చే పెద్ద వేడుక మంగొంగ్కల్ హోలి. ఎక్కడెక్కడో స్థిరపడ్డ వంశమంతా దానికి దిగాలి. ఒక సమాధి దగ్గర నలుగురు కొలతలు తీస్తుంటే డ్రైవరు కారు ఆపి మాట్లాడాడు. ఖర్చు అన్నదమ్ములు పంచుకుంటారు, మేళానికీ వంటకూ అల్లుళ్ళు, ఉలోస్ తెచ్చేది మామగారి వైపువాళ్ళు. ఇంటికి రేకులు వేసుకున్నవాళ్ళు సమాధికి గ్రానైట్ వేస్తున్నారు. మొదట్లో ఇది దండగనిపించింది. కాని ఊళ్ళో ఉన్నది ముసలివాళ్ళు. ఇల్లు బాగుచేసినా ఉండేవాళ్ళు లేరు. సమాధి ఉంటే మేదాన్, జకార్తాల నుంచి పిల్లలు దిగుతారు, దిగినప్పుడు ఎవరికి ఎవరు ఏమవుతారో మళ్ళీ లెక్క చూసుకుంటారు. నేను వాళ్ళలో ఒకదాన్నైతే నేనూ సమాధికే చందా ఇస్తాను.

తేలే దగ్గర బురుజు ఎక్కితే సరస్సు, సమోసిర్, నిన్నటి లోయ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మబ్బు కమ్మకముందే వెళ్ళాలి. అక్కడి నుంచి సిలంగిత్ విమానాశ్రయానికి దొలోక్ సంగ్గుల్ మీదుగా దారి. ఈ కొండలు సాంబ్రాణి చెట్లవి. చెట్టు బెరడుకు గాటు పెట్టి వదిలితే, కొన్ని నెలలకు కారిన పాలు గడ్డకడతాయి. గీకి తెచ్చి, ఎండబెట్టి, తెలుపును బట్టి రకాలు విడగొడతారు. మన పూజగదిలో ధూపం వేసే సాంబ్రాణికి పేరు మోసిన సీమ ఇదే. వెయ్యేళ్ళ కిందట బారుస్ రేవుకు మన వర్తకులను రప్పించిన సరుకుల్లో కర్పూరంతో పాటు ఇదీ ఒకటి.

రోడ్డు పక్క దుకాణంలో గోతాం మూతి విప్పగానే కొట్టంతా వాసన. కొట్టావిడ పెద్ద గడ్డలు తీసిచ్చింది. మా ఆడపడుచుకు పోయిన నెలే పాప పుట్టింది, తలంటాక పొగ వెయ్యడానికి కావాలని మా అత్త బయల్దేరేటప్పుడే చెప్పి పంపింది. తూకం వేస్తూ ఆవిడ, పాప ఎవరి పాపని అడిగింది. చెప్పాం. అయితే పాపకు మేనమామ ఈయనేనా అని మా ఆయన్ను తేరిపార చూసి, అరకిలో తూచిన దాని మీద ఇంకో గుప్పెడు వేసి, "ఇది మామ ఇవ్వాల్సింది, దీనికి కూడా ఈయన దగ్గరే డబ్బు తీసుకుంటాను" అంది. మా ఆయన ఆనందంగా ఇచ్చాడు.